కడసీల విసిరిన బండివాడు

తూర్పుకొండల మీద మబ్బు పట్టింది.

మరో రాజ్యంలో అయితే ఆ మబ్బును చూసి రైతులు నాగళ్ళు బయటికి తీసేవాళ్ళు. లవణకూటంలో మాత్రం మబ్బు కనబడగానే జనం గుండెలు బాదుకుంటూ ఉప్పుబాట వైపు పరుగెడతారు. అక్కడ వాళ్ళ మనుషులున్నారు. మాంత్రికుడు క్షారకేతుడికి ఎదురుతిరిగినవాళ్ళు, ఎదురుతిరిగారని అతడు అనుమానించినవాళ్ళు, ఊరికే అతడి కంటికి నచ్చనివాళ్ళు, అందరూ ఉప్పుబొమ్మలై వరసగా నిలబడి ఉన్నారు. ఎండ కాసినన్నాళ్ళూ వాళ్ళకు ఏ లోటూ లేదు. తొలకరి జల్లు పడిందా, కరిగి నేలలో కలిసిపోతారు. ఇంటికి చేర్చబోతే ఆ ఉప్పునేల దాటగానే పొడిపొడి అవుతారు, పైన ఏ కప్పు వేసినా గాలివానకు నిలవదు. ఆ తర్వాత వాళ్ళను బతికించే మందు మూడు లోకాల్లోనూ లేదు.

ఇంత దుఃఖాన్ని మోస్తున్న ఆ ఉప్పుబాట చూడటానికి ఎంత అందంగా ఉంటుందో చెప్పాలంటే ఒళ్ళు మండుతుంది. ఎప్పుడో ఎండిపోయిన మహాసరస్సు అది. కనుచూపు మేర తెల్లటి నేల. తెల్లవారుతుంటే గులాబిరంగు, ఎండెక్కితే వజ్రపు మెరుపు, పొద్దు వాలితే లేత నీలం. దాని నడుమ దారం పట్టి గీసినట్టు తిన్నగా ఒక బాట. మొదట్లో రెండు ఎర్రజెండాలు, చివర్లో రెండు తెల్లజెండాలు. మలుపు లేదు, మిట్ట లేదు. రెండు రథాలు పక్కపక్కన నిలుస్తాయి. శంఖం మోగగానే దూకుతాయి. తెల్లజెండాలను ముందు దాటినవాడిదే గెలుపు.

గెలిచినవాడికి ఒక గిన్నెడు జీవజలం దక్కుతుంది. ఏటా తొలకరికి ముందు ఒక్క గిన్నె ఇవ్వాలని పూర్వం ఒక రాజు క్షారకేతుడి మెడ మీద కత్తి పెట్టి ఒట్టు వేయించుకున్నాడు. ఆ గిన్నెతో ఒక్క ఉప్పుబొమ్మ మళ్ళీ మనిషి అవుతుంది. రెండో బొమ్మకు చుక్క కూడా మిగలదు. ఆ గిన్నెను గోళ్ళతో పట్టుకుని, మనిషి ముఖమూ రాబందు రెక్కలూ గల మాంత్రికుడి పక్షి ఒకటి తెల్లజెండాల దగ్గర రథాలను తూచే పెద్ద తక్కెడ దూలం మీద కూర్చుని ఉంది. నియమం తప్పని, మచ్చలేని రథం గెలిస్తే గిన్నె దించుతుంది. అలాంటి రథం ఒక్కటీ లేకపోతే గిన్నెతో సహా ఎగిరిపోతుంది.

ఆ తక్కెడ పక్కన, చెమట కారుతున్న తట్టువ గుర్రాల మెడలు నిమురుతూ, బండి సింగన్న నిలబడి ఉన్నాడు.

సింగన్న అన్నది అతడు పెట్టుకున్న పేరు. అసలు పేరు తరంగవర్మ, మకరద్వీపపు చిన్న రాకుమారుడు. అతడి అన్న ఉత్తుంగవర్మ మాంత్రికుడి మీదికి కత్తి దూసి వచ్చి, ఆ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉప్పైపోయి, తెల్లజెండాల పక్కన నిలబడి ఉన్నాడు. ఈ పందెంలో రాజవంశీకులు పగ్గం పట్టకూడదు. అది బండివాళ్ళ, కుమ్మరుల, వడ్రంగుల పందెం. రాజులు దిగితే రాజుల గుర్రాలు దిగుతాయి, పేదవాడి బొమ్మ ఏనాటికీ లేవదు. ఆ నియమం న్యాయమైనదేనని తరంగవర్మకు తెలుసు. అందుకే తన జాతిగుర్రాలను ద్వీపంలో వదిలేసి, సంతలో రెండు బండి తట్టువలను కొని, ఎండలో రాళ్ళు తోలి చేతులు కాయలు కాయించుకున్నాడు. రథం, గుర్రాలు, బరువు, అన్నీ నియమం ప్రకారమే. పేరు ఒక్కటే దొంగది.

ముంజేతి మీద వింటినారి ఒరిసి ఒరిసి పడిన నల్లటి మచ్చను తాయెత్తు గుడ్డతో కప్పుకున్నాడు.

పొద్దున్నే అతడికి ఒక గండం తప్పింది. తక్కెడ తూకం అయిపోయి రథాలు బాట మీదికి వస్తుంటే, సింగన్న రథానికి ఎడమ చక్రం ఫెళ్ళున విరిగింది. చూస్తే చక్రం లోపలి ఆకుల కర్రలకు ఎవరో రంపం పెట్టారు. తూకంలో నిలిచి బరిలో మిగిలినవి మూడే రథాలు. మొదటి పరుగు సింగన్నకూ, ఉప్పు బండ్లు తోలే పోలసానికీ. అందులో గెలిచినవాళ్ళకు మంత్రి బావమరిది కుంజరుడితో పోటీ. చక్రం లేకపోతే సింగన్న ఇంటికి పోవలసిందే.

అప్పుడు పోలసాని తన రథం వెనక వేలాడుతున్న మారుచక్రాన్ని విప్పి, దొర్లించుకుంటూ వచ్చి అతడి ముందు పడేసింది.

"ఎక్కించుకో తమ్ముడూ."

"నాతో పోటీ పడేది నువ్వే కదక్కా!"

"అయితే? ఒంటి చక్రమోడి మీద గెలిచానని తెలిస్తే మా ఆయన లేచాక కూడా నా మొహం చూడడు. బేగి ఎక్కించు, శంఖం ఊదేస్తారు."

ఆమె భర్త కూడా ఆ వరసలోనే ఉన్నాడు. తల మీద ఉప్పుమూటతో, కొంచెం వంగి, ఎవరినో దారి అడుగుతున్నట్టుగా ఉన్న బొమ్మ అతడిదే. సింగన్న వంగి చక్రాన్ని అందుకున్నాడు. చక్రం ఎక్కించుకున్నాడు. అదే చక్రం మీద ఆమెను గెలిచాడు. గెలిచి వెనక్కి తిరిగి చూస్తే ఆమె గుర్రాల కాడి కూడా దించకుండా కూర్చుని భర్త బొమ్మ వైపే చూస్తోంది.

ఇప్పుడు చివరి పరుగు. 

కుంజరుడి రథం రావడమే పెళ్ళి ఊరేగింపులా వచ్చింది. ఎర్రచందనపు పలకలు, వెండి పువ్వులు, ముందు నొగకర్రకు నెమలిపింఛాలు. మంత్రి వక్రనాసుడు స్వయంగా గొడుగు కింద నిలబడి చేయి ఊపాడు. కుంజరుడి ఇంట్లో ఉప్పైపోయినవాళ్ళు ఎవరూ లేరు. మరి గిన్నె ఎందుకంటే, మంత్రిగారికి ఈ మధ్య మోకాళ్ళ నొప్పులట. జీవజలం తాగితే మళ్ళీ పాతికేళ్ళవాడవుతారని వైద్యుడెవరో చెప్పాడట. మంత్రి బావమరిది రాజవంశీకుడు కాడు కాబట్టి నియమం అతడిని ఆపలేదు. నియమాలకు కళ్ళు ఉండవు కదా, కొలతలు మాత్రమే ఉంటాయి.

శంఖం మోగింది.

రెండు రథాలూ వింటి నుంచి విడిచిన బాణాల్లా దూకాయి. ఉప్పుపెచ్చు గిట్టల కింద పటపట పగిలింది. బాటలో సగం వరకూ సింగన్నదే ముందు. తట్టువలు చెవులు వెనక్కి పెట్టి, పొట్టలు నేలకు ఆనించినట్టుగా పరుగెడుతున్నాయి. "పదండి, నా తల్లులూ, పదండి!" అని అరుస్తున్నాడు. తెల్లజెండాల పక్కన చెయ్యెత్తి నిలబడిన అన్న స్పష్టంగా కనబడుతున్నాడు.

సగం దాటాక మెత్తనేల వచ్చింది. అక్కడ ఉప్పుపెచ్చు పలచన, కింద బురద. బరువున్న చక్రం పెచ్చును కోసుకుని లోపలికి దిగుతుంది. తేలికైన చక్రం పైపైన జారిపోతుంది. అందుకే ప్రతి రథమూ నియమశిల అనే నల్లరాతికి తగ్గకుండా తూగాలన్న నిబంధన పుట్టింది. సింగన్న చక్రాలు దిగాయి. తట్టువలు ముక్కుపుటాలు ఎగరేస్తూ లాగుతున్నాయి. పక్కన కుంజరుడి రథం మాత్రం దిగలేదు. చూస్తుండగానే అది ముందుకు జారింది.

సింగన్న ముఖాన ఉప్పు వచ్చి కొట్టింది.

గాలి వెనకనుంచి వీస్తోంది. గుర్రాలు లేపిన దుమ్ము ముందుకే పోతోంది. మరి ముందునుంచి ఈ ఉప్పు ఎక్కడిది? అతడు పగ్గాలు పట్టుకుని పక్కకు వంగి చూశాడు. కుంజరుడి రథం అడుగు పలకలో ఒక కన్నం. దానిలోంచి చిల్లుపడిన బస్తాలోంచి గింజలు కారినట్టు, సన్నగా, తెల్లగా, ఆగకుండా ఉప్పు కారుతోంది. పొద్దున తక్కెడ ఎక్కినప్పుడు రథం అడుగున ఉప్పు నింపుకుని తూగాడు. పరుగులో కన్నం తెరిచి బరువు వదిలేస్తున్నాడు. ఉప్పు నేల మీద పడిన ఉప్పును ఎవడు పట్టగలడు?

"దొంగ! బరువు పారబోస్తున్నాడు!" అని సింగన్న అరిచాడు. గిట్టల చప్పుడులో ఆ అరుపు తన గుర్రాలకే వినబడలేదు.

అంతలో కుంజరుడు వెనక్కి చూసి, రథాన్ని అడ్డంగా తోశాడు. సింగన్న కుడిచక్రం బాట అంచు దాటి ఊబిలో పడబోయింది. అతడు రథం ఎడమ అంచు మీదికి దూకి, గాలిలోకి వేలాడుతూ బరువంతా అటు వేశాడు. చక్రం ఒక్క క్షణం సుడి తిరిగి మళ్ళీ గట్టినేల ఎక్కింది. జనం హాహాకారం చేశారు. ఆ క్షణంలోనే కుంజరుడు తెల్లజెండాలను దాటాడు.

ఢంకాలు మోగాయి. మంత్రి భజనపరులు పువ్వులు చల్లారు. దూలం మీది పక్షి రెక్కలు సర్దుకుని, గిన్నె దించడానికి సిద్ధంగా ముందుకు వంగింది.

సింగన్న రథం దిగాడు. అన్న బొమ్మ అక్కడే ఉంది. పెదవుల మీద కోపం కూడా ఉప్పుగానే ఉంది. కొండల మీద ఉరిమింది.

ఈ బాట మీద తగవు వేయడానికి ఒకటే పద్ధతి. తగవు వేసేవాడు తన రథం చక్రం ఊడిపోకుండా ఇరుసు చివర దిగ్గొట్టిన కడసీలను తానే ఊడబెరికి, పరీక్షకుడి కాళ్ళ ముందు పడేయాలి. ఆ తర్వాత ఎదుటివాడి రథాన్ని ఎంత విప్పి చూస్తారో తనదాన్నీ అంతే విప్పుతారు. ఎదుటివాడిని ఎంత నిలదీస్తారో తననూ అంతే నిలదీస్తారు. కడిగించుకోవడానికి సిద్ధపడనివాడు ఎదుటివాడిని కడగమని అడగకూడదన్నది ఇక్కడి కట్టుబాటు. అందుకే ఇక్కడ తగవులు వేసేవాళ్ళు తక్కువ. ఎవడి రథంలో ఏదో ఒకటి ఉంటుంది.

తరంగవర్మకు ఇదంతా తెలుసు. అయినా వంగి, ఎడమ చక్రం కడసీలను పళ్ళు బిగబట్టి లాగాడు. అది ధర్మం కోసం చేశాడనుకుంటే పొరపాటు. కసితో చేశాడు. వక్రనాసుడి మోకాళ్ళ కోసం అన్న కరిగిపోతాడన్న ఊహకే అతడికి కళ్ళు బైర్లు కమ్మాయి.

సీల వచ్చి రథపరీక్షకుడు అనంతపాలుడి పాదాల ముందు ఖణేల్‌మని పడింది. ఢంకాలు ఆగిపోయాయి.

అనంతపాలుడు ముసలివాడు. జనం అతడిని నిక్కచ్చి తాత అంటారు. ఒకసారి సొంత మేనల్లుడి రథానికి ఇరుసు పొట్టిగా ఉందని వెనక్కి పంపాడు. మేనల్లుడి తల్లి, అంటే తన చెల్లెలు, అప్పటికి ఉప్పుబొమ్మ అయి ఉంది. ఆ వానకు ఆమె కరిగిపోయింది. ఆనాటి నుంచి అతడి ఇంటికి బంధువులెవరూ రారు. అతడూ పిలవడు.

"ఏం తగవు నాయనా?" అన్నాడు.

"కుంజరుడి రథాన్ని మళ్ళీ తూచండి. ఇప్పుడే, గుర్రాలు విప్పీ విప్పగానే తూచండి."

అనంతపాలుడు తల ఊపి, పనివాళ్ళకు సైగ చేశాడు. అంతలో మంత్రి వక్రనాసుడు గొడుగువాడిని దూరంగా నిలబెట్టి, నవ్వుముఖంతో సింగన్న దగ్గరికి వచ్చి, భుజం మీద చెయ్యి వేసి పక్కకు నడిపించాడు.

"సీల తీసేసుకో, బాబూ," అన్నాడు మెల్లగా. "నీ తాయెత్తు గుడ్డ జారింది. ఇందాక రథం మీద వేలాడావే, అప్పుడు చూశాను. బండి తోలేవాడి ముంజేతికి నారి మచ్చ ఎలా వస్తుంది? నువ్వు ఆ రథాన్ని తూచనియ్యకు. నేను నిన్ను తూచనియ్యను. వచ్చే ఏడు మళ్ళీ రా. నేనే దగ్గరుండి గెలిపిస్తాను."

"వచ్చే ఏటికి మా అన్న ఉండడు."

"అయితే కొత్తగా ఎవరి కోసమైనా రా," అన్నాడు మంత్రి. అతడికి అది మంచిమాట లాగే తోచింది.

సింగన్న ఆ చెయ్యిని భుజం మీది నుంచి తీసి పక్కన పెట్టాడు. "తూచండి!" అని అందరికీ వినబడేలా అరిచాడు.

కుంజరుడి రథాన్ని తక్కెడ మీదికి ఎక్కించారు. నల్లరాయి ఉన్న పళ్ళెం దభీమని నేలకు దిగింది. వెండిపువ్వుల రథం గాలిలోకి లేచి, ఉయ్యాల ఊగినట్టు ఊగింది. దాని కన్నంలోంచి మిగిలిన ఉప్పు చివరి పిడికెడు రాలి అనంతపాలుడి నెరిసిన జుట్టు మీద పడింది. జనం ఒక్కసారిగా కేక పెట్టారు. "సింగన్నకు జై!" అని ఎవరో అంటే వందలమంది అందుకున్నారు. కుంజరుడు ముఖం చాటేశాడు.

ఆ జేజేలు సింగన్న చెవుల్లో ఇంకా మోగుతుండగానే మంత్రి చేతులెత్తి జనాన్ని ఆపాడు.

"న్యాయం జరగాల్సిందే! ఇప్పుడు తగవు వేసినవాడి వంతు. పరీక్షకుడా, ఇతగాడి ఎడమ ముంజేతి గుడ్డ విప్పించు."

అనంతపాలుడు సింగన్న ముందుకు వచ్చి నిలబడ్డాడు. ముసలి కళ్ళు అతడి ముఖాన్ని వెతికాయి. ఆ చూపులో, విప్పవద్దులే అనే మాట ఎక్కడైనా ఉందేమోనని తరంగవర్మ ఆశగా చూశాడు. లేదు.

"విప్పు నాయనా."

విప్పాడు.

"నీ పేరు?"

అబద్ధం నాలుక చివరనే ఉంది. ఇన్ని నెలలుగా అలవాటైపోయిన అబద్ధం. కానీ ఆ ముసలివాడు తల మీది ఉప్పు కూడా దులుపుకోకుండా ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"తరంగవర్మ. మకరద్వీపం."

"రాజకుమారుడివా?"

"అవును."

"పందెం నుంచి తీసేశాను," అన్నాడు అనంతపాలుడు. తూకం చెప్పినట్టే, అదే గొంతుతో.

ఇందాక జై కొట్టిన నోళ్ళే ఇప్పుడు తిట్లకు దిగాయి. ఎవరో ఉప్పుగడ్డ విసిరారు. అది తరంగవర్మ కణతకు తగిలి రక్తం కారింది. అతడు తుడుచుకోలేదు. వాళ్ళ కోపం తప్పు కాదు. అదే అతడిని ఎక్కువగా బాధించింది.

పోలసాని జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"రాజువా?" అంది. "నా చక్రం తీసుకుని నన్నే ఓడించినోడు రాజా? నీకు ఓడలున్నాయి, సైన్యాలున్నాయి. నాకీ పందెం ఒక్కటే కదయ్యా ఉంది. తమ్ముడూ తమ్ముడూ అని నెత్తిన పెట్టుకున్నానే!"

"మా అన్న, అక్కా…"

"అందరికీ ఎవరో ఒకరున్నారు ఇక్కడ."

అంతలో అనంతపాలుడి గొంతు వినబడింది: "కుంజరుడు పోయాడు. తరంగవర్మ పోయాడు. మిగిలింది పోలసాని. ఆమె రథాన్ని తక్కెడ ఎక్కించండి. నిలిస్తే గిన్నె ఆమెది."

పోలసాని ముఖంలో కోపం ఒక్కసారిగా ఎటో పోయింది. రెండు చేతులతో నోరు మూసుకుంది. తరంగవర్మ ఆమె భర్త బొమ్మ వైపు చూశాడు. తన అన్న కాకపోతే ఆమె భర్త. మంత్రి మోకాళ్ళు మాత్రం కాదు. కసితో చేసిన పనికి ఏదో ఒక మంచి దక్కింది.

తర్వాత అతడి చూపు తన రథం ఎడమ చక్రం మీద పడింది.

అతడు చేతులెత్తి అరిచాడు. "ఆగండి! ఆ రథం వెనక మారుచక్రం ఉండేది. పొద్దున దానితో కలిపి తూచారు. ఆ చక్రం నా దగ్గరుంది. ముందు దాన్ని కట్టండి!"

అప్పటికే పళ్ళెం కదిలింది. నల్లరాయి మెల్లగా, ఎంతో మెల్లగా, ఒక బెత్తెడు కిందికి దిగింది. పోలసాని రథం ఒక బెత్తెడు పైకి లేచింది.

తరంగవర్మ పరుగున పోయి చక్రాన్ని ఊడలాగాడు. కడసీల లేని చక్రం ఒక్క లాగుకే వచ్చింది. దాన్ని దొర్లించుకొచ్చి తక్కెడ ముందు నిలబెట్టాడు. "ఇదిగో ఇదే. ఇది వేస్తే సరిపోతుంది. వేసి చూడండి!"

"సరిపోతుంది," అన్నాడు అనంతపాలుడు. "ఆమె నీతో పరుగెత్తినప్పుడు ఈ చక్రం ఎక్కడుంది?"

"నా రథానికి."

"మరైతే ఆమె రథం తక్కువ బరువుతో పరుగెత్తింది."

"తక్కువ బరువుతో పరుగెత్తి ఓడిపోయింది! దానివల్ల ఆమెకు ఒరిగిందేముంది? నాకు సాయం చేసింది తాతా! చక్రం విరిగినవాడికి చక్రం ఇచ్చింది! అదీ కన్నం పెట్టడమూ ఒకటేనా?"

"ఒకటి కాదు. నాకు తెలుసు." ముసలివాడు నల్లరాయి మీద చెయ్యి వేశాడు. "కానీ ఇవాళ జాలి చూసి ఒక బెత్తెడు వదిలితే, రేపు మంత్రిగారు అంతకన్నా జాలికథ తెస్తారు. ఆయన దగ్గర జాలికథలు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. పేదవాళ్ళకు ఈ తక్కెడ ఒక్కటే దిక్కు నాయనా. మా చెల్లెలి కోసం కూడా నేను దీన్ని వంచలేదు."

పోలసాని ఏడవలేదు. చక్రం వైపు చూసింది, తన చేతుల వైపు చూసుకుంది. "నేనే విప్పి ఇచ్చాను," అంది. ఆ మాటే మళ్ళీ అంది.

"ఈ నియమాలు ఎవరు రాశారు?" అని తరంగవర్మ అడిగాడు. 

అనంతపాలుడు తక్కెడ గొలుసు సర్దసాగాడు.

"తాతా, ఎవరు రాశారు?"

"గిన్నె ఇస్తానని ఒట్టు వేసిన రోజున," అన్నాడు ముసలివాడు, నేల చూస్తూ, "నియమాలు తాను రాస్తానని క్షారకేతుడే అడిగాడు. చదివితే అన్నీ న్యాయంగానే ఉన్నాయి. రాజుగారు ఒప్పుకున్నారు."

దూలం మీది పక్షి పకపకా నవ్వింది. అంత వికృతమైన నవ్వు ఆ బాట మీద ఎవరూ విని ఎరగరు. "మచ్చలేని రథం లేదు! ఈ ఏడూ లేదు!" అని ఆ మనిషిముఖం అరిచింది. ఈ ఏడూ అన్న మాట వినగానే అనంతపాలుడు తక్కెడ స్తంభాన్ని పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. ఇన్నేళ్ళుగా తాను నిక్కచ్చిగా తూచిన తూకాలన్నీ ఎవరి కొట్టుకు చేరాయో అతడికి అప్పుడే అర్థమయింది కాబోలు. పక్షి రెక్కలు విప్పి, గిన్నెతో సహా ఉత్తరాన ఉన్న క్షారకేతుడి కొండ వైపు లేచింది.

మొదటి చినుకు పడింది. అది ఉత్తుంగవర్మ ఎత్తిన చేతి మీద పడి, చిటికెన వేలి కొసను తీసుకుపోయింది.

జనం చెల్లాచెదురయ్యారు. ఎవరి బొమ్మ మీద వాళ్ళు దుప్పట్లూ చాపలూ కప్పుతున్నారు. మంత్రి గొడుగు కింద పల్లకీ ఎక్కి, మోకాళ్ళు రుద్దుకుంటూ వెళ్ళిపోయాడు. తరంగవర్మ తన రథం మీది తోలు కప్పును చించి అన్న దగ్గరికి పరుగెత్తాడు. అప్పుడు చూశాడు, పోలసాని తన కప్పును భర్త మీద వేయడానికి పెనుగులాడుతోంది. గాలికి అది నిలవడం లేదు. అతడు ఒక్క క్షణం ఆగి, అన్న బొమ్మను నడుం పట్టి ఎత్తి తెచ్చి ఆమె భర్త పక్కన నిలబెట్టాడు. రెండు తోళ్ళూ కలిపి ఇద్దరి మీదా పందిరిలా పట్టాడు.

"నేను పట్టుకుంటాను, వదులు," అంది పోలసాని. నాలుగు చివరలూ తన చేతులకూ నడుముకూ కట్టుకుంది. "ఒకరు ఇక్కడ ఉండాలి. ఒకరు ఆ పిట్ట వెనకాల పోవాలి. నీ తట్టువలు అలిసిపోయాయి. నా గుర్రాలు కట్టుకుపో. నా రథమే తీసుకో, తేలికే కదా."

ఆ మాట అంటూ తోలు కొసను ఇంకో ముడి బిగించింది.

తరంగవర్మ ఆమె రథం ఎక్కి పగ్గాలు అందుకున్నాడు. పక్షి ఇంకా కనబడుతోంది, మబ్బు అంచున నల్లటి మచ్చలా. ఇప్పుడే కదిలితే అందుకోవచ్చు.

"ఆగు," అంది పోలసాని. తోలు మీద వాన టపటప మోగుతోంది. "ఉన్నది ఒక్క గిన్నె. తెచ్చాక ఎవరికి పోస్తావు?"

చెప్పవలసిన మాట అతడికి తెలుసు. నీ భర్తకేనక్కా అంటే చాలు. ఆ మాట మీద ఆమె రాత్రంతా ఆ తోలును వదలదు. తోలు కింద ఇద్దరూ భుజం భుజం ఆనించుకుని నిలబడి ఉన్నారు, ఒకరు చెయ్యెత్తి, ఒకరు మూట మోస్తూ. అన్న చిటికెన వేలు లేని చెయ్యి అతడికి కనబడుతూనే ఉంది.

"తెలియదక్కా," అన్నాడు.

వాన నీళ్ళు ఆమె ముఖం మీద కారుతున్నాయి.

"పోనీలే. ఇదొక్కటీ నిజం చెప్పావు," అంది. "పో, పిట్ట అందకుండా పోతుంది."

తరంగవర్మ పగ్గాలు విదిలించాడు. గుర్రాలు గట్టినేల వదిలి, బాటకు అవతల ఏ రథమూ తొక్కని ఊబి మీదుగా, ఉత్తరపు కొండ వైపు దూకాయి.